పిగ్మీ వసూలు

మూడులాంతర్ల దగ్గర మొదలెడతాను,
గంటస్తంభం దగ్గర లెక్క ముగిస్తాను.
చేతిలో బ్యాంకు మిషను, చంకలో సంచీ.
కొట్టుకి ఇరవై, యాభై,
బేరం బాగున్న రోజు వంద.
ఇరవై రెండేళ్ళుగా
ఈ బజారు నాడి చూసేది నేనే,
వైద్యం మాత్రం రాదు.

ఒకప్పుడు నూట నలభై కార్డులు.
సిరిమాను వారంలో సంచీ బరువుకి
కుడి భుజం కిందికి దిగిపోయేది.
గఫూర్ సాయిబు గొడుగు ఊచ పళ్ళ మధ్య పట్టుకునే
గల్లాపెట్టె వైపు గడ్డంతో చూపించేవాడు,
నువ్వే తీసుకోమ్మా అని.
పారేపల్లి వారి బెల్లం కొట్టు నోట్లతో పాటు
చీమలు కూడా వచ్చేవి బ్యాంకు దాకా.

తర్వాత "రేపు రామ్మా" అన్నారు.
తర్వాత "సోమవారం చూద్దాం" అన్నారు.
తర్వాత అనడానికి మనిషి లేడు.
షట్టరు మీద సుద్దముక్కతో ఫోన్ నంబరు,
చివరి రెండంకెలు వానకి పోయాయి.

బైపాసు మీద అద్దాల మేడ లేచాక
అక్కడికీ వెళ్ళాను మిషను పట్టుకుని, ఆశ కదా.
కార్డు ఎవరి పేరున రాయమంటారంటే
గేటు దగ్గర కుర్రాడు తల గోక్కున్నాడు:
"ఓనరెవులో మాకూ తెల్దు మేడమ్."

అబద్ధమెందుకు, నేనూ కొన్నాను అక్కడ.
తగ్గింపులో వచ్చిందని కుక్కరు.
సంచీలో దాచినా మూత బయటికే కనిపిస్తోంది.
స్టీలు సామాన్ల జామి కామేశం చూశాడు.
చూసి, ఎప్పటిలాగే యాభై ఇచ్చి,
"రబ్బరు పోతే అక్కడెవులూ ఎయ్యరమ్మా,
నా దగ్గరికే అట్టుకొచ్చీ" అన్నాడు.
ఆ రాత్రి అన్నం
ఉడికింది గానీ గొంతు దిగలేదు.

రెండేళ్ళకి రబ్బరు పోయింది.
మూత పట్టుకుని వెళ్తే కామేశం షట్టరు దించి ఉంది.
మోకాళ్ళు అరిగి
గజపతినగరంలో కూతురింట్లో ఉన్నాడట.
ఆ పక్క నాలుగు, ఎదుట మూడు, అన్నీ మూసినవే.
రాత్రి ఏడింటికే వీధి
పళ్ళూడిన నోరు.

ఆ మాట మొదట అన్నది
బజ్జీల బండి కలిశెట్టి సన్నెమ్మ.
"ఎవులొచ్చినా రాపోయినా
తొమ్మిదిన్నర దాకా లైట్లు ఆర్పకండి.
సీకట్లోకి ఆడకూతుర్లు ఏటి కొనడానికొస్తారు?"
నవ్వారు. బిల్లు నువ్వు కడతావేటన్నారు.
కడతానంది, నెలకి రెండొందలు.
ఈ బల్బులు ఆ సిగ్గుతో వెలిగినవి.

మూసిన కొట్ల గుమ్మాలకీ వైర్లు లాగారు.
కోచింగు వదిలాక ఆడపిల్లలు
చుట్టు తిరక్కుండా ఇటే నడుస్తున్నారు.
నడిచినవాళ్ళలో కొందరు ఆగారు,
ఆగినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు కొన్నారు,
మిగతావాళ్ళు ధర అడిగి వెళ్ళిపోయారు.
ధర అడిగే గొంతు విని ఎన్నాళ్ళయిందో ఈ వీధి.

ఆర్నెల్లు అద్దె వద్దని కామేశం
పాలిటెక్నిక్ చదివిన లెంక హైమకి కొట్టు ఇచ్చాడు.
ఫోన్లు, మిక్సీలు, ఏది చెడితే అది.
పాత సొరుగు తెరిస్తే
కాగితం పొట్లాల్లో కుక్కరు రబ్బర్లు,
ఒకదాని మీద పెన్సిలు రాత:
"మిషనమ్మ. అయిదు లీటర్లు.
అడగదు, మొహమాటం."

మూత బిగించి ఇస్తూ హైమ అడిగింది,
రోజుకి పది కట్టినా తీసుకుంటారా అని.
రోలు అయిపోవచ్చింది,
రసీదు మీద తన పేరు సగమే పడింది.
ముప్పై తొమ్మిదో కార్డు.
వచ్చే నెలకి మళ్ళీ ముప్పై ఎనిమిదే కావచ్చు,
గొడుగుల కొట్టు బేరానికి పెట్టారని విన్నాను.

గంటస్తంభం దగ్గర వెనక్కి తిరిగి
నోట్లు లెక్కపెట్టే అలవాటున
బల్బులు లెక్కపెట్టాను.
పదకొండు.
ఒకటి మిణుకు మిణుకుమంటోంది,
రేపు హైమకి చెప్పాలి.