గొడ్డు చెట్టు

ఆ ఒక్కటీ కాయదు.
పన్నెండేళ్లు చూశాను. పూస్తుంది, పసుప్పచ్చగా రాలుస్తుంది,
అంతే.
డెడ్జా కొండవాలులో మిగతా మసుకు చెట్లు
నవంబరు రాగానే కాళ్ల దగ్గర ఇంతేసి పండు పోసుకుంటాయి.
మొక్కజొన్న గాదె అడుగు గీకే నెలలవి.
ఎనెలెసి పొద్దున్నే బేసిను నెత్తిన పెట్టుకుని వచ్చేది.
కోయదు, ఏరుతుంది.
కొమ్మ మీది పండుకి చెయ్యి చాస్తే
అడవి దారి మరిపిస్తుందని వాళ్ల అవ్వ మాట.
గోధుమరంగు తోలు పంటితో చిట్లిస్తే
లోపల తేనె ముద్ద, నాలుక వదలని గింజలు.
రోడ్డు మీద మినీబస్సు ఆగితే
కిటికీకి పళ్లెం ఎత్తి పట్టేది.

నాది బొగ్గు బేరం.
కాసే చెట్టు కొడితే ఊరు ఊరుకోదు.
గొడ్డుదాన్ని కొట్టాను.
నాలుగు బస్తాలు. గట్టి బొగ్గు,
ఒకదానికొకటి తగిలితే గంటలా మోగేది.

ఆ ఏడు పళ్లు మామూలుగానే రాలాయి.
పై ఏడు బేసిను సగం నిండలేదు.
ఆ పై ఏడు అడుగు కనిపించింది.
వానల్ని తిట్టారు. కోతుల్ని తిట్టారు.
అవ్వ మోడు మీద కూచుని
నా వైపు చూడకుండా అడిగింది:
"లమెకీ, నిన్ను మీ నాన్న కన్నాడా?"
"అమ్మ కన్నది."
"మరి?"

మోకాళ్లు పట్టుకుని లేచి వెళ్లిపోయింది.

మోడు పక్కన చిగురు లేచింది, జానెడు.
మేకలు రాకుండా ముళ్లకంప కట్టాను.
పూతకి ఎన్నేళ్లో తెలీదు.
ఎనెలెసి ఇప్పుడు టమాటాలు అమ్ముతోంది.
బొగ్గు నా దగ్గరే కొంటుంది,
బేరమాడకుండా.