ముందొచ్చినవాడు

గాజువాకలో రాత్రి రెండింటికి బయల్దేరాను.
షిప్‌యార్డు రెండో షిఫ్టు ఇంకా చొక్కాకే ఉంది,
వెల్డింగు పొగ, చెమట, క్యాంటీన్ టీ.
బండి వెనక తాడుతో కట్టిన గాలపు కర్ర
ప్రతి గుంతకీ తల ఊపుతోంది
తనకేదో ముందే తెలిసినట్టు.

జోడుగుళ్ళపాలెం, సాగర్‌నగర్, మంగమారిపేట.
మలుపు మలుపుకీ సముద్రం
కాస్త కనబడి, కాస్త దాక్కుని.
ఆ పైన జీడిమామిడి పూత
గాలిలో తియ్యగా, కొంచెం వెగటుగా.
చైత్రం ఇంకా సగం కాలేదు.

భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోట
ఇసుక మేట ఏటా చోటు మారుస్తుంది.
నిరుడు నేను నిలబడ్డ దగ్గర
ఇప్పుడు మొలలోతు నీళ్ళు.
చెయ్యి ముంచి చూశాను.
చల్లగానే ఉన్నాయి.

"అప్పుడే ఒచ్చీసినావేటి?"
గరికిన ఎల్లాజీ. భుజాన వల, చెవి మీద బీడీ.
"పండుగప్ప ఇంకా ఏట్లోనే ఉంది.
తొలకరి సినుకు పడాల, ఎర్రనీళ్ళు దిగాల,
అప్పుడు గదా దానికి సంద్రం గేపకం ఒచ్చేది."

తెలుసు, అన్నాను.
జూన్‌లో వస్తే చేప దొరుకుతుంది,
ఇప్పుడొస్తే చేప రాబోయే దారి దొరుకుతుంది.
ఈ మాటే మా ఆవిడతో అంటే
"అయితే ఆ దారినే పులుసు పెట్టమంటావా" అంది.

రొయ్య వీపున గాలం గుచ్చి
(బతికే ఉండాలి, ఒక్క కాలైనా ఆడాలి)
పాటు మొదలైన నీళ్ళలోకి విసిరాను.

ఇక ఏమీ లేదు.
దీపస్తంభం తిరుగుతోంది, ఎవరి కోసమో.
ఒక కుక్క పీత వెంట పడి, పీతకే జడిసి.
కొయ్యింగ పిల్లలు
నీటి తోలు మీద గగుర్పాటులా పాకి
ఒక్కసారిగా చెదిరిపోయాయి.

వాటి కింద ఎవరో ఉన్నారు.

దెబ్బ ముందు మోచేతికి తగిలింది,
బుద్ధికి తరవాత.
రీలు ఏడ్చింది. నేను మోకాలిలోతు, మొలలోతు,
వెనక నుంచి ఎల్లాజీ "ఒదులు, లాగకు, ఆడనీ" అని
నన్నో చేపనో తిడుతూ.
అది పైకెగిరి తల విదిలిస్తే
తడి దుప్పటి దులిపిన చప్పుడు.

పావుగంట.
వెండి ఇంకా రాలేదు దానికి, ఏటి రంగే,
పాచి పసుపు. ఫోను వెలుగు పడగానే
కన్ను నిప్పులా ఎర్రబడింది.
పొట్ట నిండుగా, బిగువుగా.

"సిన్నప్పుడు ఇవన్నీ పోతులే," అన్నాడు ఎల్లాజీ.
"అయిదారేళ్ళు ఏట్లో తిరిగీ తిరిగీ
ఓ రోజున తల్లైపోద్ది.
మా తాత సెప్తే నవ్వీవోళ్ళం.
ఇది అందరికన్నా ముందొచ్చీసింది. నీలాగే, తిక్కది."

ఆరు కిలోలకి తగ్గదు.
పూర్ణామార్కెట్‌లో కిలో ఎంతో ఇద్దరికీ తెలుసు.
ఇద్దరం అనలేదు.

నీళ్ళలోనే పట్టుకున్నాను, తల ప్రవాహానికి ఎదురుగా.
మొప్పలు ఒకసారి. రెండోసారి. ఆగి, మళ్ళీ.
అది వెళ్ళడం నాకు తెలియలేదు,
అరచేతులు ఖాళీ అయ్యాయి, అంతే.

ఎల్లాజీ బీడీ ముట్టించాడు.
"ఏటేపెల్లిందా, సంద్రమేపా?"

చూడలేదు.
వేళ్ళకి జిగురు, చొక్కాకి నీచు.
తలుపు తియ్యగానే మా ఆవిడ సంచీ అడుగుతుంది.
ఏం చెప్పాలో
ఎండాడ దాకా ఆలోచించొచ్చు.