నాలుగు వందల పన్నెండు

పస్రా దాటినంక ఎడమపక్క నేరేడు మీద
ఎవరో రాసి పెట్టిండ్రు.
బూడిదరంగు పలక, దాని మీద సన్నని నల్ల గీతలు,
వంకరలు, కొన్నిటికి కొమ్ములు.
ఒక్క అక్షరం నాకు కూడిరాలే.

నా పని గీకుడు.
రోడ్డు వెడల్పుల పోయే చెట్లకు
రొమ్మెత్తున జానెడు బెరడు నున్నగ చెయ్యాలె.
వెనకనుంచి సారంగం తెల్ల పెయింటుతోని నంబరేస్తడు.
చెట్టుకు పదిహేను రూపాయలు, ఇద్దరికి కలిపి.

"తామర లేసింది దీనికి, గీకు" అన్నడు సారంగం.

"తామర కాదన్నా" అన్నది
లెక్కలు రాసే మడకం రాంబాయి,
"ఇద్దరి కాపురం.
బూజు గోడలు పెడ్తది, నాచు ఎండను వండుతది.
చెట్టుది బొట్టు నీళ్లు తాగరు,
నిలబడ జాగ అడిగిండ్రు, అంతే.
గింత కావాల్నంటే నా వయసు సాలదు"
అని దాని పక్కన అరచెయ్యి పెట్టింది,
తాకకుండ.

భూతద్దం ఇచ్చింది. చూసిన.
గీత గీత కాదు, పగులు.
పగులు ఒడ్డున ఎర్రటి పురుగొకటి
ఎండిన వాగు దాటే మనిషి తీరు
ఆగుకుంట పోతున్నది.

అప్పుడు యాదికొచ్చింది.
మల్లంపల్లి దిక్కు, కంకర మిషన్ల కాడ
చెట్లకు గీకనీకె ఏం లేకుండె.
మచ్చ లేదు, పొక్కు లేదు, ఉత్త నలుపు.
పని అల్కగైందని ఆ పొద్దు
ఇద్దరం చాయ ఎక్కువ తాగినం.

ఉలి పట్టుకొని చెట్టు చుట్టు తిరిగిన.
అడివి దిక్కున్న బెరడు గీకిన.
సారంగం నా అవ్వను తిట్టి
అక్కడ్నే వేసిండు నంబరు, సున్నం కారంగ.

పొద్దుగూకినంక రోడ్డెంబడి
సూపర్వైజరు లెక్క పెట్టిండు. ఒకటి తక్కువ.
మల్ల పెట్టిండు. మల్ల ఒకటి తక్కువ.
రాంబాయి కాయితాల్లకు చూసుకుంట కూసున్నది.

చెట్టు పోతది, నాకెరుకే.
మిషన్‌కు నంబర్లు చదవనీకె రాదు.

రాత్రి బోరింగు కాడ చేతులు కడుక్కుంటే
గోర్ల సందుల పొద్దటి చెట్ల పొడి,
నాలుగు వందల రెండో, మూడోవి.
బూడిద అనుకున్న.
నీళ్లు తాకంగనే
పచ్చగైంది.