కూర్చోవడం రాని మనిషి

నలభయ్యో పెళ్ళిరోజు. ఎక్కడ తిందాం?
లియోంతీన్ అడిగింది, బెండకాయలు తరుగుతూ.
న్యూ ఓర్లియన్స్‌లో ఈ ప్రశ్న
గిన్నె పొయ్యెక్కేలోగా నాలుగిళ్ళకి పాకుతుంది.

పక్కింటి యూలాలీ కంచె మీద మోచేతులాన్చి
ఫోషే వాళ్ళదే, ఇంకో మాట లేదంది.
తాబేలు సూపులో షెర్రీ
మన కళ్ళముందే వంపుతారట.
మా తమ్ముడు ఫోనులో నవ్వాడు.
ఫోషేలో కోటు లేనివాడికి వాళ్ళే అరువిస్తారు,
ఎవరి చంకల చెమటో తొడుక్కుని తింటావా?
వాడి ఓటు ట్రెమేలో మామ్ ఒజెన్‌కి,
ఆవిడ గంబోలో గరిటె నిలబడుతుందని.

నాకు కోటుంది.
పెళ్ళినాటిది. గుండీ పడదు, అంతే.

నిజం చెప్పాలంటే
మేమెప్పుడూ హోటల్ని ఎంచుకోలేదు.
నూమాని ఎంచుకున్నాం.
మొదట రాంపార్ట్ వీధిలో, తర్వాత ఫోషేలో,
వరదొచ్చాక రెండేళ్ళు హ్యూస్టన్‌లో ఎక్కడో,
మళ్ళీ ఇక్కడ, డువెర్నే వాళ్ళ పాత హాల్లో.
నూమా తెల్ల తువ్వాలు ఏ ఇంట మడతపడితే
అదే మా హోటలు.
మెనూ మా చేతికి ఇచ్చినవాడు కాదు.
“ఇవాళ పొంపనో వద్దు” అనేవాడు, చెవిలో.
“వంటాయనకి ఇంట్లో గొడవ, సాసు విరిగింది.
ట్రౌట్ తినండి, వెన్న చక్కగా కాగింది.”

పెద్దది కడుపున పడ్డ నెల
ఏమీ అడక్కుండానే
లియోంతీన్ ముందున్న వైన్ గ్లాసు తీసేశాడు.
ఆ ఖాళీ చోటు చూసే నాకు సంగతి తెలిసింది.
రెండోవాణ్ణి మట్టిలో పెట్టి వచ్చిన ఏడు
మూడో కుర్చీ తియ్యలేదు.
దాని మీద మా తడి గొడుగు ఆనించాడు,
పడిపోకుండా, చాలా జాగ్రత్తగా.

కిందటి లెంట్‌ రోజుల్లో పని మానేశాడు. మోకాళ్ళు.

ఈసారి నిజంగానే ఎంచుకోవాలి.
నాకా విద్య రాదు.
ఫోన్ అతనికే చేశాను.
“డువెర్నే. పన్నెండో బల్ల.
గోడవైపు మీరు, తలుపు కనిపించేలా మేడమ్.”
“మరి నువ్వు?”
అవతల కాసేపు ఫ్రిజ్ మోత మాత్రమే.
“నేనా?”
“మూడో కుర్చీలో.”

వచ్చాడు, నీలిచారల కోటులో.
అతని నడినెత్తిన జుట్టు లేదని
మాకారోజే తెలిసింది.
ఇన్నాళ్ళూ మేం కింద, అతను పైన.

కూర్చున్నాడన్న మాటే గానీ
పళ్ళెం పక్కనుంచి పోయినప్పుడల్లా సగం లేచాడు.
అవతలి బల్ల మీద నీళ్ళు అడుగంటితే
ఇతని గొంతు ఎండింది.
కొత్త కుర్రాడు కుడివైపునుంచి వడ్డించగానే
ఫోర్కు పట్టిన వేళ్ళు తెల్లబారాయి.
బూరెలా పొంగిన బంగాళాదుంప ముక్క కొరికి
“ఓహో, ఇలా ఉంటుందా!” అన్నాడు.
నలభై ఏళ్ళు మోశాడు.
వేడిగా ఎప్పుడూ నోట్లో వేసుకోలేదట.

కాఫీకి దీపాలు ఆర్పారు.
నారింజ తొక్క చుట్టల వెంట
నీలిమంట మెల్లగా దిగుతోంది.
హాలంతా అటే చూస్తున్న ఆ చీకట్లో
నూమా చెయ్యి
కత్తి వీపుతో రొట్టె పొట్టు ఊడుస్తోంది,
తనకే తెలియకుండా, మా వైపు నుంచి తనవైపుకి.
లియోంతీన్ బల్లకింద నా కాలు తొక్కింది.
చూడకు, అని.

దీపాలొచ్చాయి. బిల్లొచ్చింది.
“కుర్రాడికి ఎంత పెట్టమంటావు?”
నూమా మొహం కోర్టులో జడ్జీలా అయిపోయింది.
“కుడివైపునుంచి వడ్డించాడు” అన్నాడు.

ఆనక జేబు తడుముకుని
తన ఇరవై డాలర్లు సాసరు కిందికి తోశాడు.
“నేర్చుకుంటాళ్ళెండి.”