తరుగు

గోగునార గొడౌన్లో కాటా నాది.
పద్నాలుగేళ్లుగా ముల్లు చెప్పింది చదివి
గుమస్తా చెవిలో వేయడమే పని.
అందుకే ఈశ్వరమ్మ అంది:
"గుంటని ఏ బళ్లో ఎయ్యాలో
నువ్వే తూచి సెప్పు."

గాజులరేగ దాటాక మా ఇంటికి
మూడు అంగన్‌వాడీలు, ఇంచుమించు ఒకే దూరం.
బుధవారం పూట సెలవు పెట్టి
సైకిలు కడ్డీకి తువ్వాలు చుట్టి
మోక్షితని ముందు కూచోబెట్టుకున్నాను.

మొదటిది కొత్త బిల్డింగు.
గోడ నిండా జిరాఫీ, రైలుబండి, అఆలు,
తిప్పితే నీళ్లొచ్చే కుళాయి.
మరుగుదొడ్డికి మాత్రం తాళం.
"ఆపీసర్లొచ్చినప్పుడు తీస్తాం" అంది ఆయా,
దాపరికమేమీ లేకుండా.
టీచరమ్మ పిల్లని నెత్తి నుంచి కాలి దాకా ఒకసారి చూసి
పన్నెండు కిలోలని రాసేసుకుంది.
కంటి కాటా!
కంటితో తూచేవాళ్లని చాలామందిని చూశాను,
వాళ్ల లెక్క ఎప్పుడూ
జీతమిచ్చేవాడి వైపే ఒరుగుతుంది.

రెండోది చికెన్ షాపు పక్క అద్దెగది.
ఇరవైముగ్గురు పిల్లలు,
రెండు రెక్కలే మిగిలిన ఫ్యాను.
కానీ ఆ టీచరు పాట ఎత్తుకుంటే
గది గదంతా ఏనుగులైపోయింది.
మోక్షిత కూడా నా వేలు వదిలి
కాసేపు ఏనుగైంది.
నంబర్లు వెలిగే మిషను మీద నిలబెట్టారు,
చెప్పులతో, పట్టీలతో,
మెడలో నిండు నీళ్లసీసాతో.
పదకొండు ఆరొందలు.
"పచ్చలోనే ఉంది, బెంగెట్టుకోకండి."
నా బెంగ అక్కడే దిగిపోయేది.
గుడ్డు కూడా పెద్దదే.

మూడోదానికి రైలుగేటు దాటాలి.
గేటు పడింది. బొగ్గుబండి.
"ఒకటి, రెండు, ఐదు, తొమ్మిది, రెండు"
ఆఖరి డబ్బా దాకా లెక్కపెట్టింది పిల్ల.

రేకుల షెడ్డు.
మూల ఊడిన పళ్ల చార్టు గాలికి కొట్టుకుంటోంది,
అందులో సీతాఫలం సగమే ఉంది.
వరహాలమ్మ టీచరు ఎవరిదో ముక్కు తుడిచి
చేతులు కడుక్కుని వచ్చింది.
దూలానికి వేలాడే కాటా.
ముందు ఖాళీ సంచి తగిలించి
ముల్లుని సున్నాకి తిప్పింది.

ఆ ఒక్క పనికి
నా వెన్ను నిటారైంది.

సీసా తీసింది. చెప్పులు తీసింది.
పట్టీలు విప్పి నా అరచేతిలో పెట్టింది.
పిల్ల నవ్వుతూ ఊగుతుంటే
ఊపు చచ్చేదాకా ఆగింది.
"పదీ నాలుగొందలు. తక్కువ బావూ."
పసుపు గీతల మధ్య చుక్క పెట్టింది,
ఎరుపుకి ఎంతో దూరం లేదు.

కోపమొచ్చింది నాకు.
రెండు చోట్ల పచ్చగా ఉన్న నా పిల్ల
ఈ రేకుల కింద వాడిపోయిందా?
ఏదో అనబోయాను.
అరచేతిలో పట్టీలు గలగలమన్నాయి.

తడి తరుగని చెప్పి రైతు కట్ట మీద
రెండు కిలోలు ఎలా మాయమవుతాయో నాకు తెలుసు.
మాయం చేసేది ఈ బొటనవేలే,
పిల్ల పట్టుకుని నడిచేదీ ఈ వేలే.

రాత్రి అన్నీ చెప్పాను.
ఈశ్వరమ్మ పచ్చ గురించి అడగలేదు,
పాట గురించీ అడగలేదు.
"పదీ నాలుగొందలా" అంది చాలాసేపటికి.
తర్వాత, "గేటు పడితే?"
"డబ్బాలు లెక్కెడతాది."

ఇప్పుడు రోజూ అటే వెళ్తున్నాం.
గొడౌన్లో గుమస్తా విసుక్కుంటున్నాడు,
కట్టకట్టకీ ముల్లు సరిచేయడానికి
ఇంతసేపేటని.