కింది తలుపు

తొక్కు, అంటాను చక్రం పక్కన బోర్లా పడుకుని.
తొక్కా, అంటుంది సామ్రాజ్యం.
పట్టుకో.
పట్టుకున్నా.
నిప్పిల్ తిప్పితే గొట్టంలోంచి సీసాలోకి
సన్నగా ఆయిల్. ఒక్క బుడగ లేదు.
బిగించాను. వదులు.
పెడల్ మళ్లీ
నానబెట్టిన అటుకుల్లో కాలేసినట్టే ఉందంటుంది.

ఆటోనగర్ మూడో క్రాసులో
నా పేరుతో బోర్డు రాయించి పదకొండు రోజులు.
మొదటి పెద్ద పని ఇది:
పళ్ల డాక్టరు ప్రభుదాసు గారి పాత ఎస్టీమ్.
వారధి మీద ముందు లారీ ఠక్కున ఆగితే
ఈయన బండి ఆగాలా వద్దా అని ఆలోచించిందట.
"పెద్ద బ్రేకులు వెయ్యవయ్యా, ఖర్చు చూడకు."
వేశాను. కంచాలంత డిస్కులు,
రెండు పిడికిళ్లు కలిపినంత కాలిపర్లు,
వాటికి ఎర్ర రంగు కూడా కొట్టాను, ఆయన అడక్కపోయినా.

ఆరింటికి వస్తానన్నాడు. ఇప్పుడు నాలుగు.
రేకుల కింద నా వీపు వేగుతోంది.

జిలానీ ఉస్తాద్ దగ్గర తొమ్మిదేళ్లు చేశాను.
తొక్కిపట్టినప్పుడు నెమ్మదిగా కిందికి జారితే మాస్టర్ సిలిండర్.
నాలుగుసార్లు కొడితే గట్టిపడి
కాసేపాగితే మెత్తబడితే గాలి.
ఇది గాలే. ఎక్కడ దాక్కుందో మరి.
వెనక పైపు బిగబట్టి చూశాను, తేడా లేదు.
ముందు కుడి పైపు నొక్కితే సగం గట్టిపడింది,
ఎడమది కూడా నొక్కితే మిగతా సగం.
రెండు పక్కలా ఉందంటే
ఒకే తప్పు రెండుసార్లు చేశానని
అప్పుడే తట్టాల్సింది.
తట్టలేదు. రెండో డబ్బా మూత తీశాను.

పక్క షెడ్డులో లేతు ఆగి ఆగి ఏడుస్తోంది.
ఉస్తాద్‌కి ఫోన్ చేద్దామని జేబు తడిమాను.
సొంతంగా షెడ్డు పెడతానన్న రోజు
ఆయన అన్నది గుర్తొచ్చి చెయ్యి తీసేశాను.
ఆయన ఏమీ అనలేదు. గుర్తొచ్చింది అదే.

"పిక్క పట్టేసింది, దిగుతున్నా."
కుచ్చెళ్లు ఎగదోపుకుని వచ్చి
నా పక్కన గొంతుక్కూచుంది సామ్రాజ్యం.
తాడేపల్లి తాపీమేస్త్రి కూతురు,
బొమ్మల్లేక రసమట్టంతో ఆడుకున్న మనిషి.
చక్రం గూట్లోకి తొంగి చూసి అడిగింది:
"ఇందులో గాలి ఎటు పోతుంది?"
పైకి. ఎక్కడైనా పైకే.
"మరి నువ్వేంటి, కింద తలుపు తీసి పిలుస్తున్నావు?"

చూశాను.
నిప్పిల్ నేల చూపులు చూస్తోంది.
ఎడమది కుడికి, కుడిది ఎడమకి.
బోల్టులు చక్కగా కూర్చున్నాయి, అక్కడే మోసపోయాను.
చెప్పులు తారుమారైతే బొటనవేలు చెబుతుంది,
ఇనుముకేం పట్టింది చెప్పడానికి.
నా ఎర్ర రంగు వెనక, పై మూలన,
చిటికెడు గాలి
మధ్యాహ్నం నుంచీ కాళ్లు చాపుకుని కూర్చుంది.

తిట్టుకునే టైము లేదు.
విప్పాను. మార్చాను. కొత్త వాషర్లు వేసి బిగించాను.
తొక్కు. పట్టుకో.
పైన నిప్పిల్ తిప్పీతిప్పగానే
బుడగలు, నురగ, మళ్లీ బుడగలు,
పసిబిడ్డ పాలు కక్కినట్టు.
తర్వాత తేట ఆయిల్.
"ఏయ్," అని కేకేసింది లోపల్నుంచి,
"కాలికి రాయి తగిలింది!"

డాక్టరు ఆరున్నరకి వచ్చాడు.
గేటు దాకా వెళ్లొచ్చి బ్రేకులు భేషన్నాడు,
రంగు ఇంకా భేషన్నాడు.
బిల్లులో ఆయిల్ డబ్బాలు మూడని రాసి
కొట్టేసి, ఒకటని రాశాను.
మిగతా రెండూ ఏమయ్యాయన్నాడు.
అవి నా స్కూలు ఫీజు సార్, అన్నాను.
ఆయనకి అర్థం కాలేదు.

రాత్రి ఆమె పిక్కకి అమృతాంజనం రాస్తున్నాను.
నొక్కు, అంటుంది.
పట్టుకో, అంటుంది.
మూడో మాట కోసం చూస్తున్నా,
ఇంకా అనలేదు.