కొసరు

నాలుగున్నరకి మోటారు వేస్తాను.
డయల్లో ముల్లు ఒణుకుతూ లేచి
నలభై రెండు దగ్గర నిలబడాలి. నిలబడ్డాక
పల్సేటరు మాట్లాడుతుంది: టిక్కు, టక్కు,
నిమిషానికి అరవైసార్లు,
ఊపిరి తీసుకోని దూడలాగా.

ఆలమూరు అవతల, లంకలో షెడ్డు.
అమ్మ ఇక్కడ పద్దెనిమిదేళ్ళు పితికింది.
బొటనవేలు లోపలికి మడిచి పితికే పద్ధతి,
కణుపు మీద రేగ్గింజంత కాయ.
రేషను బండి మిషను మీద ఆ వేలు ఇప్పటికీ పడదు,
ప్రతి నెలా నా వేలు అరువిస్తాను.

మిషను కార్తీకంలో దిగింది.
నాలుగు రబ్బరు గొట్టాలు, పక్కన పాల మీటరు,
గీతకీ గీతకీ మధ్య వంద.
వారం తిరిగాక ప్రసాదవర్మ గారు
అమ్మ చెప్పగా నేను రాసిన పాత పుస్తకం,
మీటరు చీటీలు, పక్కపక్కన పరిచారు.
మెలికొమ్ముల గేదె: పుస్తకంలో అయిదు లీటర్లు,
మీటర్లో అయిదూ నాలుగొందలు.
బొల్లిది, అదే తేడా.
చేపకుండా గంట మొరాయించే తొలిచూలుది, అదే.
"సత్యవేణీ, ఈ నాలుగొందలూ ఇన్నేళ్ళూ ఎటుపోయాయే?"
నవ్వుతూనే అడిగారు.
నవ్వుతూ అడిగితేనే జవాబు చెప్పడం కష్టం.

లెక్కలు నాకొచ్చు.
పాడిలో ఉన్నవి ఇరవై, పూటలు రెండు,
రోజుకి పదహారు లీటర్లు.
వెన్న శాతం వేసి రూపాయల్లోకి దించకముందే
పెన్ను పట్టిన చెయ్యి తడిసింది.

అమ్మ చీరకంటిన గడ్డి దులుపుకుంటూ
"కొసపాలండీ. దూడకి వదిలేదాన్ని."
"ఎప్పుడూ చెప్పలేదేం?"
"ఎవరూ అడగలేదండి."

మొదటి ధార పల్చన. వెన్న అందులో ఉండదు.
పొదుగు ముడతలు పడ్డాక, చివర్లో,
పెళ్ళింట్లో ఇంటివాళ్ళలాగా
ఆఖరి బంతికి వచ్చి కూర్చుంటుంది.
అమ్మ వదిలింది ఉత్త నాలుగొందలు కాదు,
ఖరీదైన నాలుగొందలు.
ఇది వర్మ గారికీ తెలుసు, ఆయన అనలేదు.

మేం కొలతలు ఎరగనివాళ్ళం కాదు.
ధవళేశ్వరం దగ్గర గోదారి ఎన్నడుగులుందో చెబితే చాలు,
గేదెల్ని గట్టెక్కించేది ఈ రాత్రో రేపో చెప్పేస్తాం.
సోల, తవ్వ, గిద్ద.
అమ్మమ్మ శేరుగిన్నె ఇంకా అటక మీదే ఉంది, అడుగు సొట్ట.
అమ్మేవాళ్ళు కొట్టిన సొట్టా, కొనేవాళ్ళు కొట్టిందా,
మా ఇంట్లో తెగని తగువు.
ఏ గిన్నెతో కొలిచినా
కొలిచాక చెయ్యి ఇంకోసారి వంగేది.
మీటరుకి ఆ వంపు లేదు.
అబద్ధమూ లేదు, ఒప్పుకోవాలి.
బొల్లిదానికి పొదుగువాపు మొదలైందని
అమ్మ వేళ్ళకంటే ఒక పూట ముందు పట్టింది అదే.

మిషను బిగించిన తణుకు కుర్రాడు
వెళ్ళబోతూ ఇంకోటి చూపించాడు.
ధార సన్నబడగానే గొట్టాలు వాటంతటవే ఊడిపోయే మర.
ఎంత సన్నబడితే ఊడాలో మనిష్టమట.
వర్మ గారు షెడ్డు చివర దూడల వైపు చూశారు.
కిందటేడు పక్క డైరీలో
ఎన్ని మగదూడలు చలికాలం దాటాయో అందరికీ తెలుసు.
"నువ్వే తిప్పు," అన్నారు నాతో.
"ఎంత వదిలావో మాత్రం పుస్తకంలో రాయి."

ఇంటికొచ్చేదాకా అమ్మ మాట్లాడలేదు.
కాళ్ళు కడుక్కుంటూ అంది:
"రాసింతర్వాత అది కొసరెలా అవుద్దే?
జీతం అవుద్ది."

తెల్లారి కొత్త గడి గీశాను: దూడకి.
మూడొందల యాభై అని రాశాను.
మరని
ఇంకో పన్ను అవతలికి తిప్పాను.